54 మీద గురి: అనికా సోరెన్‌స్టామ్ గోల్ఫ్ జీవితం

స్టాక్‌హోమ్ చుట్టుపక్కల ఏడాదిలో చాలా నెలలు గోల్ఫ్ ఆడటం కుదరదు. చలికాలం వచ్చిందంటే మైదానాలు మంచు కిందకు పోతాయి, మధ్యాహ్నం మూడు దాటితే చీకటి పడిపోతుంది. అలాంటి చోట పుట్టిన అమ్మాయి మహిళల గోల్ఫ్‌ను ఏళ్ల తరబడి ఏలడం వింతే. అయితే స్వీడన్ సంగతి కాస్త దగ్గరగా చూస్తే ఆ వింత సగం తగ్గుతుంది. అక్కడ ఈ ఆట డబ్బున్నవాళ్ల కాలక్షేపంగా మిగిలిపోలేదు. క్లబ్బుల్లో పిల్లలకు శిక్షణ, అందులో మెరిసినవాళ్లకు జాతీయ జట్టు, ఆ జట్టుకు మనసు పెట్టి పనిచేసే కోచ్‌లు. అబ్బాయిలతో పాటు అమ్మాయిలకూ ఇదే దారి. 1988లో లిసెలోట్ నోయ్‌మాన్ అమెరికా మహిళల ఓపెన్ గెలిచి, మేజర్ టోర్నీ (ఏటా జరిగే అన్నిటికన్నా పెద్ద పోటీల్లో ఒకటి) అందుకున్న తొలి స్వీడన్ క్రీడాకారిణి అయింది. అప్పటికి అనికా వయసు 17.

వ్యవస్థ బాగుంది సరే. మరి అనికా గొప్పతనం ఎంత, ఆ వ్యవస్థది ఎంత? ఒక చిన్న లెక్క చూస్తే చాలు. 2025 వరకు స్వీడన్ మహిళలు గెలిచిన మేజర్ టోర్నీలు మొత్తం 17. అందులో అన్నా నార్డ్‌క్విస్ట్‌వి 3. నోయ్‌మాన్, హెలెన్ ఆల్ఫ్రెడ్‌సన్, పెర్నిల్లా లిండ్‌బర్గ్, మాయా స్టార్క్‌లకు తలా ఒకటి. మిగతా 10 అనికా ఒక్కదానివే. అదే నేల, అదే చలి, అదే శిక్షణ. ఆ పైన ఆమె సొంతంగా ఏం చేర్చుకుంది అన్నదే ఆలోచించాల్సిన విషయం.

అనికా 1970 అక్టోబర్ 9న పుట్టింది. ఊరు బ్రో, స్టాక్‌హోమ్‌కు దగ్గర్లో ఉంటుంది. తండ్రి ఐబీఎంలో ఉద్యోగి, తల్లి బ్యాంకులో పనిచేసేది. చిన్నప్పుడు ఆమె ధ్యాసంతా టెన్నిస్ మీదే. జూనియర్ స్థాయిలో దేశంలో పేరున్న క్రీడాకారిణి కూడా. స్కీయింగ్ బాగా వచ్చు, ఫుట్‌బాల్ ఆడేది. గోల్ఫ్ కర్ర పట్టింది 12వ ఏట. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకూ కలిపి ఒకటే సెట్టు: బేసి అంకెల కర్రలు (వీటినే క్లబ్బులంటారు) అనికావి, సరి అంకెలవి చెల్లెలు షార్లొట్టావి. ఆ చెల్లెలు కూడా తర్వాత ప్రొఫెషనల్ అయింది, అమెరికా టూర్‌లో ఒక టోర్నీ గెలిచింది.

అనికా గురించి ఎక్కువగా చెప్పుకునే కథ ఆమె సిగ్గుకు సంబంధించింది. జూనియర్ టోర్నీల్లో గెలిస్తే నలుగురి ముందు నిలబడి మాట్లాడాలి. ఆ మైకు భయానికి చివర్లో కావాలనే పట్ (హోల్ దగ్గర బంతిని మెల్లగా లోపలికి దొర్లించే షాట్) వదిలేసి రెండో స్థానంతో సరిపెట్టుకునేది. కోచ్‌లు ఈ సంగతి పసిగట్టారు. ఇకనుంచి గెలిచినవాళ్లే కాదు, రెండోస్థానం వచ్చినవాళ్లు కూడా మాట్లాడాల్సిందే అన్నారు. ఎలాగూ మాట్లాడక తప్పదన్నప్పుడు గెలవడమే నయం కదా! అందరూ దీన్ని ఆమె బిడియానికి ఉదాహరణగా చెబుతారు. నిజానికి ఇందులో మెచ్చుకోవాల్సింది కోచ్‌లను. తిట్టలేదు, ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు, పిల్ల స్వభావాన్ని మార్చబోలేదు. రూల్ మార్చారు, అంతే.

ఆ కోచింగ్ వాతావరణంలో ముఖ్యమైన పేరు పియా నిల్సన్. స్వీడన్ జాతీయ జట్టుకు కోచ్‌గా ఉన్న ఆమె ఆటగాళ్ల ముందు పెట్టిన అంకె 54. మామూలుగా ఒక గోల్ఫ్ మైదానంలో 18 హోల్స్ ఉంటాయి. ఒక్కో హోల్‌లో బంతిని ఎన్ని షాట్లలో వేయాలో ముందే నిర్ణయించిన లెక్కను పార్ అంటారు. మైదానం మొత్తానికి అది తరచుగా 72. పార్ కన్నా ఒక షాట్ తక్కువలో ముగిస్తే బర్డీ. మొత్తం 18 హోల్స్‌లోనూ బర్డీ చేస్తే స్కోరు 54. ఎవరూ అంత తక్కువలో ఆడలేదు కదా అంటే నిల్సన్ వాదన ఒక్కటే: మీ సొంత మైదానంలో ప్రతి హోల్‌లోనూ ఎప్పుడో ఒకప్పుడు బర్డీ చేసే ఉంటారు, అవన్నీ ఒకేరోజు ఎందుకు రాకూడదు? వినడానికి పిచ్చిగా ఉన్నా, బుర్రలో దీని పని వేరు. నాలుగు బర్డీలు వచ్చాక 'ఇవాళ్టికి చాల్లే, ఇక జాగ్రత్తగా ఆడుకుందాం' అనిపించడం ఏ ఆటగాడికైనా సహజం. 54ను లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లకు ఆ 'చాల్లే' అన్న మాట రాదు.

అనికా ఆ మాటను అక్షరాలా నమ్మింది. అరిజోనా విశ్వవిద్యాలయంలో చదువుతూ 1991లో అమెరికా కాలేజీల వ్యక్తిగత టైటిల్ గెలిచింది. మొదటి సంవత్సరం విద్యార్థిని ఆ టైటిల్ గెలవడం, అమెరికాయేతర అమ్మాయి గెలవడం రెండూ అదే తొలిసారి. 1992లో ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్. ఇంత చేసినా అమెరికా మహిళల టూర్ అయిన ఎల్‌పీజీఏ అర్హత పోటీలో ఒక్క షాట్ తేడాతో టూర్‌లో ఆడే కార్డు పోయింది. 1993 అంతా యూరప్‌లో ఆడి అక్కడ ఉత్తమ కొత్త క్రీడాకారిణి అనిపించుకుంది, మరుసటి ఏడాది ఎల్‌పీజీఏలోనూ అదే అవార్డు తెచ్చుకుంది.

ఎల్‌పీజీఏలో తొలి గెలుపు ఏకంగా మేజర్. 1995లో కొలరాడోలోని బ్రాడ్‌మూర్‌లో జరిగిన అమెరికా మహిళల ఓపెన్‌లో వెనక నుంచి వచ్చి మెగ్ మాలన్‌ను ఒక్క షాట్ తేడాతో దాటేసింది. 1996లో నార్త్ కరొలైనాలోని పైన్ నీడిల్స్‌లో ఆరు షాట్ల తేడాతో టైటిల్ నిలబెట్టుకుంది. ఇక వరుసగా మూడోది కూడా ఆమెదేనని అందరూ అనుకున్నారు. 1997లో రెండు రౌండ్లు ఆడి ఇంటికి వెళ్లింది. గోల్ఫ్ టోర్నీల్లో సాధారణంగా రెండు రోజుల తర్వాత జాబితాలో కింద ఉన్నవాళ్లను ఆపేస్తారు. దాన్ని కట్ అంటారు. డిఫెండింగ్ ఛాంపియన్ ఆ కట్ కూడా దాటలేదు.

అక్కడి నుంచి 2001 దాకా ఆమెకు ఒక్క మేజర్ కూడా రాలేదు. ఈ నాలుగేళ్లను ఆమె గురించి రాసేవాళ్లు గబగబా దాటేస్తుంటారు గానీ, మలుపు ఇక్కడే ఉంది. ఆమె ఆట పడిపోలేదు. 1997, 1998లలో టూర్‌లో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. అయితే పక్కవాళ్లు ఎదిగారు. 1998లో కొరియా నుంచి సే రీ పాక్ వచ్చీ రాగానే రెండు మేజర్లు ఎగరేసుకుపోయింది. 1999, 2000లలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆస్ట్రేలియా అమ్మాయి కేరీ వెబ్‌కు వెళ్లింది. గురి తప్పని షాట్లతో నెట్టుకొచ్చే అనికా శైలికి ఇక దూరం, బలం, పటింగ్ కూడా తోడవ్వాలని తేలిపోయింది. కై ఫ్యూసర్ అనే ట్రైనర్‌తో కలిసి బరువులెత్తడం మొదలుపెట్టింది. మహిళా గోల్ఫర్లు జిమ్‌లో చెమటలు కక్కడం అప్పట్లో మామూలు విషయం కాదు. చూస్తుండగానే భుజాలు గట్టిపడ్డాయి, బంతి దూరం పోవడం మొదలైంది.

ఆమె స్వింగ్‌లో ఒక విచిత్రం ఉంది. బంతి మీంచి కన్ను తీయకూడదన్నది గోల్ఫ్‌లో పిల్లలకు నేర్పే మొదటి పాఠం. అనికా మాత్రం క్లబ్ బంతిని తాకే లోపే తల లక్ష్యం వైపు తిప్పేస్తుంది. కొత్తగా చూసేవాళ్లకు బంతిని చూడకుండా కొట్టిందేమో అనిపిస్తుంది. కోచ్ హెన్రి రీస్ దగ్గర నేర్చుకున్న ఈ పద్ధతిలో తల అడ్డం లేకుండా శరీరమంతా ఒక్క ఊపులో తిరిగిపోతుంది. షాట్‌కు ముందు చేసే పనుల్లో కూడా తేడా ఉండదు. బంతి వెనక నిలబడి ఆలోచన ముగించడం, ముందుకు అడుగేశాక ఇక ఆలోచించకపోవడం. మొదటి హోల్ అయినా, టైటిల్ తేల్చే చివరి పట్ అయినా ఆ వరుస ఒకటే, పట్టే సమయం కూడా దాదాపు ఒకటే. టెన్షన్ లేకపోవడం వల్ల వచ్చిన నిదానం కాదది. టెన్షన్‌కు చోటివ్వకూడదని చేసుకున్న ఏర్పాటు.

ఈ సాధన అంతా ఒకేచోట కనిపించిన రోజు 2001 మార్చి 16. ఫీనిక్స్‌లోని మూన్ వ్యాలీ క్లబ్, స్టాండర్డ్ రిజిస్టర్ పింగ్ టోర్నీ, రెండో రౌండ్. ఆమెతో పాటు ఆడుతున్నవాళ్లు మెగ్ మాలన్, ఆ టోర్నీ డిఫెండింగ్ ఛాంపియన్ అయిన చెల్లెలు షార్లొట్టా. అనికా బృందం పదో హోల్ నుంచి మొదలుపెట్టింది. మొదటి ఎనిమిది హోల్స్‌లో ఎనిమిది బర్డీలు. తొమ్మిదోది పార్. మళ్లీ వరుసగా నాలుగు బర్డీలు. అంటే 13 హోల్స్ ముగిసేసరికి 12 బర్డీలు. మైదానంలో వార్త పాకిపోయి జనం వెంటపడటం మొదలుపెట్టారు. అప్పుడు బర్డీలు ఆగాయి. పార్, పార్, పార్. తర్వాత ఒక బర్డీ, ఆఖరున మరో పార్. స్కోరు 59. ఎల్‌పీజీఏ చరిత్రలో 60 కన్నా తక్కువ స్కోరు అదే మొదటిది.

ఆ రౌండ్‌లో ఆరంభంలోని ఎనిమిది బర్డీల గురించే అందరూ మాట్లాడతారు. చివరి ఐదు హోల్స్ అంతకన్నా కష్టమైనవి. ఏం జరుగుతోందో తెలిసిపోయింది, గుండె దడదడలాడుతుంటుంది, బర్డీలు రావడం లేదు. ఒక్క బోగీ పడినా, అంటే ఒక షాట్ ఎక్కువైనా, 59 చేజారుతుంది. అక్కడ నిలిపింది ఆ మారని వరుసే అనుకోవాలి. ఇంకో సంగతి చాలామందికి గుర్తుండదు. ఆ 59 తర్వాత కూడా టోర్నీ నల్లేరు మీద నడక కాలేదు. సే రీ పాక్ చివరిదాకా వెంటాడింది. పార్ కన్నా 27 తక్కువ స్కోరు చేసి కూడా అనికా గెలిచింది రెండు షాట్ల తేడాతోనే.

ఆ ఏడాది ఎనిమిది టైటిళ్లు, ఒకే సీజన్‌లో 20 లక్షల డాలర్లు దాటిన తొలి మహిళగా రికార్డు. 2002లో ఇంకా ముందుకెళ్లింది: ఎల్‌పీజీఏలో ఆడింది 23 టోర్నీలు, గెలిచింది 11. 1960ల్లో మిక్కీ రైట్ తర్వాత ఎవరూ ఒక సీజన్‌లో అన్ని గెలవలేదు. క్రికెట్‌లోనో టెన్నిస్‌లోనో ఎదుట ఒక్క ప్రత్యర్థే ఉంటారు. గోల్ఫ్‌లో ప్రతి వారం వందమందికి పైగా బరిలో ఉంటారు, వాళ్లలో ఎవరికో ఒకరికి ఆ వారం చెయ్యి తిరుగుతుంది. అలాంటి ఆటలో దాదాపు రెండింటికి ఒకటి గెలవడం ఎంత అరుదో చెప్పనక్కర్లేదు.

ఇంత చేసిన ఆమెను గోల్ఫ్ పెద్దగా తెలియనివాళ్లు గుర్తుపెట్టుకున్నది మాత్రం కట్ దాటని ఒక టోర్నీతో. 2003 మే నెలలో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో కలోనియల్ టోర్నీ. అది మగవాళ్ల పీజీఏ టూర్. 1945లో బేబ్ జహారియస్ తర్వాత మళ్లీ ఒక మహిళ ఆ టూర్‌లో బరిలోకి దిగడం అదే. వ్యతిరేకత బహిరంగంగానే వచ్చింది. ఫిజీకి చెందిన స్టార్ ఆటగాడు విజయ్ సింగ్, ఆమె అక్కడ ఆడటం తగదని, కట్ దాటకూడదనే కోరుకుంటున్నానని అన్నాడు. సరిగ్గా ముందు వారమే ఒక టోర్నీ గెలిచిన అతను ఆ తర్వాత కలోనియల్ నుంచి తప్పుకున్నాడు.

మే 22 ఉదయం పదో హోల్ దగ్గర ఆమె చేతిలో ఉన్నది అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ అయిన డ్రైవర్ కాదు, ఫోర్ వుడ్. దూరం కాస్త తగ్గినా ఫర్వాలేదు, బంతి దారి తప్పకూడదన్న లెక్క. చుట్టూ వేలమంది జనం, కెమెరాలు. బంతి ఫెయిర్‌వే మధ్యలో, అంటే పడాల్సిన పచ్చిక దారిలోనే పడింది. వెంటనే కాళ్లు వణుకుతున్నట్టు అభినయించి నవ్వేసింది. మాట్లాడాల్సి వస్తుందని పట్లు వదిలేసిన అమ్మాయి ఈమేనా అనిపించే క్షణం. మొదటి రోజు స్కోరు 71, అంటే అక్కడి పార్ 70 కన్నా ఒకటి ఎక్కువ. రెండో రోజు 74. మొత్తం 145తో నాలుగు షాట్ల తేడాలో కట్ తప్పింది. జాబితాలో ఆమె కింద కూడా కొందరు మగవాళ్లున్నారు. బంతిని గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) దాకా తేవడంలో పెద్ద లోటు లేదు, పట్లే పడలేదు.

దీన్ని ఆడవాళ్ల చేతకానితనానికి రుజువుగా చూపినవాళ్లున్నారు, ఆడవాళ్ల విజయంగా ఊరేగించినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి వాదనలోనూ అనికా ఎందుకు ఆడిందన్న సంగతి పక్కకుపోయింది. తన టూర్‌లో ఆమెను భయపెట్టే పరిస్థితి అప్పటికి పెద్దగా మిగల్లేదు. అందుకే ఇంకా పెద్ద ఒత్తిడి ఎక్కడుంటే అక్కడికి వెళ్లి తన ఆటను కొలుచుకుంది. ఆ లెక్క సరైందేనని తర్వాతి వారాలే చెప్పాయి. కలోనియల్ ముగిసిన మరుసటి వారమే ఎల్‌పీజీఏలో ఒక టైటిల్. ఆ పై వారం మేజర్ అయిన ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్. ఆగస్టులో రాయల్ లిథమ్‌లో సే రీ పాక్‌ను ఒక్క షాట్ తేడాతో వెనక్కి నెట్టి బ్రిటిష్ ఓపెన్. దాంతో నాలుగు మేజర్లూ కనీసం ఒక్కోసారి గెలిచినట్టయింది, అంటే కెరీర్ గ్రాండ్‌స్లామ్ పూర్తయింది. ఆ ఏడాదే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

పీజీఏ టూర్ టోర్నీలో ఆమె మళ్లీ ఆడలేదు. తన చోటు తన టూర్‌లోనే అని చెప్పి వచ్చేసింది. ఈ నిర్ణయం విలువ మిషెల్ వీని చూస్తే తెలుస్తుంది. 2004లో 14 ఏళ్ల వయసులో సోనీ ఓపెన్‌లో ఒక్క షాట్ తేడాతో కట్ తప్పిన ఆ అమ్మాయి మగవాళ్ల టోర్నీల చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగింది. పీజీఏ టూర్‌లో ఒక్కసారి కూడా కట్ దాటలేదు, ఎదగాల్సిన వయసులో ఆ భారం ఊరికే మోసింది. పరీక్ష ఒకసారి రాస్తే చాలని, ఫలితం చూసుకుని పనిలో పడాలని అనికాకు తెలుసు.

ఆమె మనిషి కాదు, యంత్రమని అప్పట్లో తరచూ రాసేవారు. యంత్రం ఏడవదు. 2000లో స్కాట్లండ్‌లోని లాక్ లోమండ్‌లో యూరప్, అమెరికా మహిళల జట్ల మధ్య సోల్‌హైమ్ కప్ జరిగింది. అనికా గ్రీన్ బయటి నుంచి కొట్టిన చిప్ (బంతిని కొద్దిగా పైకి లేపే చిన్న షాట్) నేరుగా హోల్‌లో పడింది. యూరప్ జట్టు ఎగిరి గంతేసింది. అంతలో అమెరికా వాళ్లు లెక్క తీశారు: హోల్‌కు ఎవరి బంతి దూరంగా ఉంటే వాళ్లే ముందు ఆడాలి, అనికా వరుస తప్పింది, కాబట్టి మళ్లీ కొట్టాలి. రూల్ ప్రకారం అది తప్పు కాదు. రెండోసారి బంతి పడలేదు. ఆమె అందరి ముందూ కన్నీళ్లు పెట్టుకుంది. రూల్ ఉంది కాబట్టి వాడుకున్నారు, సరే. ముందే ఆపకుండా బంతి పడ్డాక గుర్తుచేయడం మాత్రం పెద్దమనుషుల పని అనిపించదు. ఆ కప్ చివరికి యూరప్‌దే.

2004లో ఎనిమిది టైటిళ్లు, 2005లో 20 టోర్నీల్లో పది. 2003 నుంచి 2005 దాకా ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్ వరుసగా మూడుసార్లు, 2001 నుంచి 2005 దాకా జపాన్‌లో జరిగే మిజునో క్లాసిక్ వరుసగా ఐదుసార్లు ఆమెదే. 2005లో నాలుగు మేజర్లూ ఒకే ఏడాదిలో గెలవాలన్నది బహిరంగంగా చెప్పిన లక్ష్యం. మొదటి రెండూ దక్కాయి. మూడోదైన అమెరికా ఓపెన్, చెర్రీ హిల్స్‌లో, దక్కలేదు. ఆ ట్రోఫీ మళ్లీ చేతికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. 2006లో న్యూపోర్ట్‌లో ప్యాట్ హర్స్ట్‌తో సమంగా నిలిచి, 18 హోల్స్ ప్లేఆఫ్ ఆడి గెలిచింది. రెండో అమెరికా ఓపెన్‌కూ ఈ మూడోదానికీ మధ్య పదేళ్లు. అదే పదో మేజర్, ఆఖరిది కూడా.

2007లో మెడ డిస్కు దెబ్బతింది. ఆ సీజన్‌లో ఎల్‌పీజీఏలో ఒక్క టైటిల్ లేదు, ప్రపంచ నంబర్ వన్ స్థానం మెక్సికో అమ్మాయి లొరేనా ఒచోవాకు వెళ్లింది. 2008లో తిరిగొచ్చి మే నెలకల్లా మూడు టోర్నీలు గెలిచింది. మూడోది గెలిచిన రెండ్రోజులకే, ఈ ఏడాదితో ఆపేస్తున్నానని ప్రకటించింది. వయసు 37. ఎల్‌పీజీఏలో మొత్తం 72 టైటిళ్లు. ఆమె కన్నా ముందు ఉన్నది 88తో క్యాథీ విట్‌వర్త్, 82తో మిక్కీ రైట్. ఇంకో నాలుగైదేళ్లు ఆడి ఉంటే ఆ 88 దాటేసేదని అభిమానులు ఇప్పటికీ వాదిస్తారు. దాటేదేమో. కానీ ప్రతి చలికాలం జిమ్‌లో కొత్తగా మొదలుపెట్టే ఓపిక మీద నిలబడ్డ ఆట ఆమెది. ఆ ఓపిక తగ్గిందని తెలిశాక మిగతా టైటిళ్ల కోసం సాగదీయకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ తర్వాత మళ్లీ పెళ్లి, ఇద్దరు పిల్లలు, జూనియర్ అమ్మాయిల కోసం ఫౌండేషన్ పని. 2021 జనవరి 7న అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ తీసుకుంది. ముందురోజే వాషింగ్టన్‌లో క్యాపిటల్ భవనం మీద మూక దాడి జరిగింది. ఆ మర్నాడే వెళ్లి ట్రంప్ చేత పతకం వేయించుకోవడం చాలామందికి నచ్చలేదు. ఆ విమర్శకు కారణం లేకపోలేదు. అదే ఏడాది 50 ఏళ్ల వయసులో అమెరికా సీనియర్ మహిళల ఓపెన్ ఆడి ఎనిమిది షాట్ల తేడాతో గెలిచింది. రెండో స్థానంలో నిలిచింది లిసెలోట్ నోయ్‌మాన్.

రిటైరయ్యాక ఆమె చేసిన పనుల్లో అన్నిటికన్నా ఆసక్తికరమైనది స్వీడన్‌లోనే జరిగింది. స్వీడన్ గోల్ఫర్ హెన్రిక్ స్టెన్సన్‌తో కలిసి ఆమె ఆతిథ్యం ఇచ్చిన స్కాండినేవియన్ మిక్స్‌డ్ టోర్నీలో మగవాళ్లు, ఆడవాళ్లు ఒకే ట్రోఫీ కోసం, ఒకే ప్రైజ్‌మనీ కోసం ఆడారు. మైదానం ఒకటే, టీలు (ప్రతి హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోట్లు) మాత్రం వేరు. ఆడవాళ్లు కాస్త ముందు నుంచి మొదలుపెట్టేవారు. కలోనియల్‌లో ఆమె మగవాళ్ల టీల నుంచే, 7,000 గజాలు దాటిన మైదానంలో ఆడింది. అక్కడ దూరం కొట్టడంలో మగవాళ్లకే మొగ్గు. ఇక్కడ దూరం తేడాను ముందే సరిచేస్తే మిగిలేది నైపుణ్యం. 2022 జూన్‌లో హల్మ్‌స్టాడ్‌లో ఈ టోర్నీని స్వీడన్ అమ్మాయి లిన్ గ్రాంట్ గెలిచింది. యూరప్ మగవాళ్ల టూర్ అయిన డీపీ వరల్డ్ టూర్‌లో టైటిల్ సాధించిన తొలి మహిళ ఆమే. పార్ కన్నా 24 తక్కువ స్కోరు, తొమ్మిది షాట్ల తేడా. రెండో స్థానం పంచుకున్న ఇద్దరిలో ఒకరు స్టెన్సనే. టీలు మరీ ముందుకు జరిపి ఆడవాళ్లకు మేలు చేశారని కొందరు గొణిగారు. మేలే జరిగి ఉంటే మిగతా ఆడవాళ్లందరూ పైకి రావాలి. మహిళల్లో గ్రాంట్ తర్వాత నిలిచిన క్రీడాకారిణి ఆమెకు 14 షాట్ల వెనక ఉంది.